రెండో తాళంచెవి: సింగపూర్ అధ్యక్షుడికి ఎన్నిక అవసరమా?

(సింగపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. పునరుక్తులు మాత్రం తీసేశాం.)

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి హాయిగా పడుకోకుండా రాజకీయాలు వినడానికి వచ్చారంటే ముందు మీ ఓపికకే దండం పెట్టాలి.

మన సమావేశాల్లో ఎప్పుడూ హైదరాబాదు, అమరావతి సంగతులే. ఏళ్ళ తరబడి ఉంటున్నా ఈ ఊరి సంగతి మాత్రం ఎత్తం. దానికి కారణం లేకపోలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదో, పీఆర్ మీదో ఉన్నారు. ఓటు లేని చోట నోరు చేసుకోవడం ఎందుకని ఊరుకుంటాం. నాకు మాత్రం ఇక్కడ ఓటుంది. 1998లో వచ్చాను, పదేళ్ళ తరవాత పౌరసత్వం తీసుకున్నాను. ఇండియా పాస్‌పోర్టు వెనక్కిచ్చిన రోజు మా ఆవిడ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఏదో పోయినట్టే అనిపించింది. ఒక దేశంలో ఓటు వదులుకుని ఇంకో దేశంలో ఓటు తెచ్చుకున్నవాడిగా, ఆ ఓటు విలువ గురించి మాట్లాడడానికి నాకు కొంచెం హక్కుందనుకుంటాను.

ఈ రోజు విషయం, సింగపూర్ అధ్యక్షుడిని ప్రజలు నేరుగా ఎన్నుకునే పద్ధతిని రద్దు చెయ్యాలన్న ప్రతిపాదన. కొత్తదేం కాదు. వర్కర్స్ పార్టీ మొదటినుంచీ అంటున్నదే. 2006 మానిఫెస్టోలో రాశారు కూడా. అప్పుడు పాలక పక్షం మంత్రులు ఆ మానిఫెస్టోలో నాలుగు టైం బాంబులున్నాయని, వాటిలో ఇదొకటని విరుచుకుపడ్డారు. మామూలుగా చూస్తే వింతగా ఉంటుంది. ప్రజలు ఎన్నుకునే పదవిని తీసెయ్యమని ప్రతిపక్షం అడగడం, ఉంచాలని పాలక పక్షం పట్టుబట్టడం! మన దగ్గర ఇలాంటిది జరిగితే ఎవరో స్క్రిప్టు తారుమారు చేశారంటారు.

మనకెందుకీ గొడవ అంటారేమో. మన సమావేశాల్లో రెండింటికి ఒకసారైనా ఎవరో ఒకరు లేచి, ముఖ్యమంత్రిని జనం నేరుగా ఎన్నుకుంటే ఈ ఎమ్మెల్యేల బేరాలు, క్యాంపులు అన్నీ పోతాయంటారు. వేరే వాళ్ళ మాట ఎందుకు, నేనే రెండుసార్లు లేచాను. నేరుగా ఎన్నుకుంటే ఏమవుతుందో, ఏమవదో చూడాలంటే మనం కూర్చున్న ఈ ఊరే మంచి పాఠం.

ముందు మా నాన్నగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన మా తాలూకా కేంద్రంలో సబ్ ట్రెజరీలో షరాబుగా చేశారు. ట్రెజరీలో స్ట్రాంగ్ రూమ్ ఉంటుంది. అందులో స్టాంపు కాగితాలు, కోర్టులు భద్రం చెయ్యమని పంపిన వస్తువులు, అలాంటివి పెడతారు. దానికి రెండు తాళాలు. ఒక చెవి ఆఫీసరు దగ్గర, రెండోది షరాబు దగ్గర. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. నాన్నగారు ఆఫీసరు కింద ఉద్యోగే. సెలవు కావాలన్నా ఆయన సంతకమే. అయినా ఆ తాళంచెవి విషయంలో మాత్రం ఆఫీసరుకీ తలొగ్గక్కర్లేదు. గదిలో ఏముందో లెక్క ఆయన వేళ్ళ మీద ఉండేది, ఎందుకంటే సాయంత్రం తన చేతులతో లెక్కపెట్టి తాళం వేసేది ఆయనే. ఆ చెవి మొలతాడుకి కట్టుకుని పడుకునేవారు. చిన్నప్పుడు దానితో ఆడబోయి దెబ్బలు తిన్నాను.

సింగపూర్ అధ్యక్ష పదవి అంటే ఇదే, రెండో తాళంచెవి. దాన్ని ఆ మాటతోనే ఇక్కడ ప్రజలకి పరిచయం చేశారు.

స్వాతంత్ర్యం వచ్చిన 1965 నుంచి ఇక్కడ అధ్యక్షుడంటే మన రాష్ట్రపతిలాగే. పార్లమెంటు ఎన్నుకునేది, ఆయన కేబినెట్ సలహా ప్రకారం సంతకాలు పెట్టేవారు. యూసఫ్ ఇషాక్ మొదటివారు. 1981లో ఆన్సన్ ఉపఎన్నికలో జయరత్నం గారు గెలిచారు. స్వాతంత్ర్యం తరవాత పార్లమెంటులోకి వచ్చిన మొదటి ప్రతిపక్ష సభ్యుడాయన. 1984 సాధారణ ఎన్నికల్లో పీపుల్స్ యాక్షన్ పార్టీ ఓట్లు దాదాపు 78 శాతం నుంచి 65 శాతానికి దిగాయి. సీట్లు పోయింది రెండే. మన దగ్గరైతే టపాకాయలు కాల్చేవాళ్ళు. కానీ అప్పటికే లీ క్వాన్ యూ గారికి ఒక దిగులుండేది. తాము కూడబెట్టిన నిధుల్ని రేపు ఏదో ఒక ఎన్నికలో పొరపాటున గెలిచిన ప్రభుత్వం ఐదేళ్ళలో ఊడ్చేస్తే? ఆ 1984లోనే ఎన్నికైన అధ్యక్షుడి ఆలోచన బయటపెట్టారు. 1988లో, 1990లో శ్వేతపత్రాలు. 1991లో రాజ్యాంగ సవరణ.

చేతికిచ్చిన అధికారాలు నాలుగైదే. ఇప్పుడున్న ప్రభుత్వం తన హయాంలో కూడబెట్టింది తను ఖర్చు పెట్టుకోవచ్చు. అంతకుముందు ప్రభుత్వాలు కూడబెట్టిన పాత నిధుల జోలికి వెళ్ళాలంటే అధ్యక్షుడు ఒప్పుకోవాలి. ప్రధాన న్యాయమూర్తి, అటార్నీ జనరల్, పోలీస్ కమిషనర్ లాంటి ముఖ్యమైన నియామకాలు ఆయన కాదనవచ్చు. అవినీతి నిరోధక శాఖ దర్యాప్తుకి ప్రధానమంత్రి అడ్డుపడితే అధ్యక్షుడి అనుమతితో ముందుకెళ్ళవచ్చు. అంతర్గత భద్రతా చట్టం కింద నిర్బంధాల్లోనూ కొంత పాత్ర ఉంది. అంతే. తనంతట తను పథకం పెట్టలేడు, బడ్జెట్ రాయలేడు. కాదనడమే ఆయన పని. ఆ కాదనడంలో కూడా సలహా మండలిని సంప్రదించాలి. మండలి అవునన్నదాన్ని ఆయన కాదంటే పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో తోసిపుచ్చవచ్చు. ఆ మెజారిటీ పాలక పక్షానికి లేని రోజు ఈ పదవి పుట్టాక ఒక్కటీ లేదు.

మరి పని కాదనడమే అయితే ఎన్నిక ఎందుకు? ప్రభుత్వం చెప్పిన సమాధానం గట్టిదే. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి అడ్డం చెప్పేవాడికి ప్రజల బలమే ఉండాలి, లేకపోతే నువ్వెవడివి అంటారు అని. ఈ వాదన గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1993 ఆగస్టులో మొదటి ఎన్నిక. ఉప ప్రధానిగా చేసిన ఓంగ్ టెంగ్ చియోంగ్ గారు, అకౌంటెంట్ జనరల్‌గా రిటైరైన చువా కిమ్ యో గారు. రెండో ఆయనకి పోటీ చెయ్యాలని పెద్దగా లేదు, నలుగురూ బతిమాలితే నిలబడ్డారు. ప్రచారం దాదాపు చెయ్యలేదు. అయినా ఆయనకి 41 శాతం వచ్చాయి! ఓంగ్ గారు దాదాపు 59 శాతంతో గెలిచారు. పార్టీ మనిషి కదా, సర్దుకుపోతారని అందరూ అనుకున్నారు. ఆయన సర్దుకుపోలేదు. తనకిచ్చిన తాళంచెవిని నిజమని నమ్మారు.

కాపలా కాయమన్నారు కదా, గదిలో ఏముందో చెప్పండని అడిగారు. ప్రభుత్వ స్థిరాస్తులన్నిటికీ విలువ కట్టి జాబితా ఇవ్వాలంటే 50 మనిషి-సంవత్సరాలకి పైగా పని అని జవాబొచ్చింది. అంటే ఒక మనిషి కూర్చుని చేస్తే యాభై ఏళ్ళకి పైగా. ఆయన పదవీకాలం ఆరేళ్ళు. తన అధికారం ఎంతవరకో తేల్చమని 1995లో రాజ్యాంగ ట్రిబ్యునల్ ముందుకి ప్రశ్న వెళ్ళింది, తీర్పు ప్రభుత్వం వైపు వచ్చింది. 1998లో పీఓఎస్‌బీ బ్యాంకుని డీబీఎస్‌కి అమ్మడం గురించి పత్రికలో చూసి తెలుసుకున్నానని తరవాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. 1999 జూలైలో, పదవి దిగబోయే ముందు విలేకరుల్ని పిలిచి ఈ ఇబ్బందులన్నీ ఏకరువు పెట్టారు. ప్రభుత్వం ఆయన వాదనలో చాలావాటికి పార్లమెంటులో జవాబిచ్చింది. ఎవరిది ఎంత నిజమో తేల్చే స్తోమత నాకు లేదు. కానీ ఆ వార్త చదివిన రోజు నాకు మా నాన్నగారే గుర్తొచ్చారు. లెక్క తెలియకుండా ఆయన చేతికి తాళంచెవి ఇచ్చి ఉంటే మర్నాడే తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టేసేవారు.

అప్పటికి నేను ఈ ఊరొచ్చి ఏడాది. ఓటు లేదు. ఉన్నా లాభం లేదు, ఎందుకంటే 1999లో ఎస్.ఆర్. నాథన్ గారు ఏకగ్రీవం. 2005లో మళ్ళీ ఆయనే ఏకగ్రీవం. ముందుకొచ్చిన మిగతావాళ్ళకి అర్హత లేదన్నారు.

అర్హత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ అధ్యక్ష పదవికి నామినేషన్ వెయ్యాలంటే పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో నిండి, పేరు ఓటరు జాబితాలో ఉంటే చాలదు. మంత్రిగానో, ప్రధాన న్యాయమూర్తిగానో, అంత పెద్ద ప్రభుత్వ పదవిలోనో మూడేళ్ళు చేసి ఉండాలి. ప్రైవేటు మనిషైతే, పాత రోజుల్లో 100 మిలియన్ డాలర్ల మూలధనం ఉన్న కంపెనీని నడిపి ఉండాలి. 2016లో దాన్ని 500 మిలియన్ డాలర్ల వాటాదారుల ఈక్విటీకి పెంచారు. డబ్బు కాపలా కాసేవాడికి డబ్బు లెక్క తెలియాలి అన్నది దీని వెనక తర్కం. తప్పేం లేదు. కానీ ఫలితం చూడండి. ప్రభుత్వంలో పెద్ద పదవి చేసినవాళ్ళంటే, 1959 నుంచి ఒకే పార్టీ ఏలుతున్న దేశంలో, ఎక్కువమంది ఎవరై ఉంటారు? షరాబుని ఆఫీసరు బంధువుల్లోంచే వెతుక్కోవాల్సి వచ్చింది.

మన వైపు ఏకగ్రీవం అంటే గొప్ప. పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వమే నజరానా ఇస్తుంది. ఊళ్ళో గొడవలు లేవంటారు. 2021లో ఆంధ్రాలో ఆ ఏకగ్రీవాల మీద ఎంత రభస జరిగిందో మీకు తెలుసు. పోటీ లేకపోవడానికి ఐకమత్యమూ కారణం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఇక్కడ కర్రలు, బెదిరింపులు ఏమీ లేవు. ఫారం నింపే దగ్గరే పోటీ ముగిసిపోతుంది.

2011 ఆగస్టు 27. నా జీవితంలో సింగపూర్ అధ్యక్షుడికి వేసిన మొదటి ఓటు. నలుగురు అభ్యర్థులు, నలుగురి ఇంటిపేరూ టాన్. మా అమ్మ ఫోన్ చేసి, నలుగురూ అన్నదమ్ములా అని అడిగింది. టోనీ టాన్ గారికి 35.2 శాతం, టాన్ చెంగ్ బాక్ గారికి 34.85 శాతం. ఇరవై లక్షలకు పైగా ఓట్లలో తేడా సుమారు 7,400. అర్ధరాత్రి దాటాక రీకౌంటింగ్. అలాంటి రాత్రి నేను ఈ ఊళ్ళో అంతకుముందు చూడలేదు. మా బ్లాకు కింద కాఫీషాపులో ముసలాళ్ళు కూడా ఇళ్ళకి వెళ్ళలేదు.

ఆ ఎన్నికలోనే అసలు వైరుధ్యం బయటపడింది. అభ్యర్థులు ప్రజల గొంతు వినిపిస్తామన్నారు, ప్రభుత్వాన్ని అదుపులో పెడతామన్నారు. ఓటు అడగాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. అప్పుడు న్యాయశాఖ మంత్రి షణ్ముగం గారు, అధ్యక్షుడు బహిరంగంగా మాట్లాడాలన్నా కేబినెట్ సలహా ప్రకారమే మాట్లాడాలని వివరించాల్సి వచ్చింది. అంటే ఓటు తెచ్చుకోవడానికి కావలసిన నోరు, గెలిచాక పనికిరాదు. పదవికి కావలసిన మౌనంతో ఓట్లు రాలవు. ఇది మనుషుల తప్పు కాదు. పదవిని తయారుచేసిన పద్ధతిలోనే ఉంది.

2016లో ప్రభుత్వమే ప్రధాన న్యాయమూర్తి సుందరేష్ మీనన్ అధ్యక్షతన రాజ్యాంగ కమిషన్ వేసింది. ఆ నివేదికలో అందరూ గుర్తుపెట్టుకున్నది అర్హతల పెంపు, ఐదు దఫాలుగా ఏదైనా జాతివారికి పదవి రాకపోతే తరవాతి ఎన్నికని వాళ్ళకే కేటాయించడం. నాకు నచ్చింది చివర్లో, తమని అడగకపోయినా చెప్పిన మాట. కమిషన్ ఏమందంటే, మీరు ఒకే మనిషికి రెండు పనులు అప్పజెప్పారు. దేశం మొత్తానికి పెద్దగా, అందరివాడుగా ఉండడం ఒక పని. నిధులకి కాపలా కాస్తూ అవసరమైతే ప్రభుత్వంతో తగువు పడడం రెండో పని. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. కాపలా పనికి ఎన్నిక పెడితే రాజకీయం చొరబడుతుంది. రెండింటినీ విడదీసి, అధ్యక్షుడిని పాత పద్ధతిలో పార్లమెంటు ఎన్నుకోనివ్వండి. కాపలా పని నిపుణుల సంఘానికి ఇవ్వండి, ఆ సంఘానికి పూర్తి వీటో లేకపోయినా ఆపి మళ్ళీ చర్చించమనే అధికారం ఇవ్వొచ్చు అని. ప్రభుత్వం దీన్ని ఒప్పుకోలేదు. ఎన్నిక లేనివాళ్ళకి అడ్డం చెప్పే బలం ఎక్కడిది అన్న పాత సమాధానమే. వర్కర్స్ పార్టీ ఎన్నికైన సెనేట్ పెడదాం, ప్రజాభిప్రాయ సేకరణ జరుపుదాం అంది. అదీ కుదరలేదు. ఆ నవంబరులో సవరణ 77 ఓట్లకి 6 తేడాతో నెగ్గింది.

మర్నాటి ఏడాది మలయ్ వర్గానికి కేటాయించిన ఎన్నిక. వీ కిమ్ వీ గారి దగ్గరనుంచి ఐదు దఫాలు లెక్కపెట్టారు. ఆయన్ని ప్రజలు ఎన్నుకోలేదు, పార్లమెంటు ఎన్నుకుంది. ఆయన దగ్గర ఎందుకు మొదలుపెట్టారని కోర్టుకెళ్తే ఓడిపోయారు. సెప్టెంబరు 13న స్పీకర్‌గా చేసిన హలీమా యాకూబ్ గారు ఏకగ్రీవంగా అధ్యక్షురాలయ్యారు. మిగతా ఇద్దరికీ కంపెనీ సైజు సరిపోలేదు. ఆవిడ మంచి మనిషి, పేదరికంలోంచి పైకొచ్చారు. ఆవిడ మీద ఎవరికీ కోపం లేదు. పోటీలో గెలిచి ఉంటే ఇంకెంత గౌరవంగా ఉండేదో అని బాధపడినవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు లెక్కేద్దాం. 1993 ఎన్నిక. 1999 ఏకగ్రీవం. 2005 ఏకగ్రీవం. 2011 ఎన్నిక. 2017 ఏకగ్రీవం. 2023 ఎన్నిక. ఆరింట మూడు. 1993 నుంచి 2011 దాకా పద్దెనిమిదేళ్ళు ఈ పదవికి ఒక్క ఓటూ పడలేదు. ప్రజల బలం ఉంటేనే అడ్డం చెప్పగలడు అన్న వాదన గుర్తుంది కదా? పాత నిధుల తలుపు మొదటిసారి తెరిచింది 2009లో, ఆర్థిక మాంద్యంలో. 4.9 బిలియన్ డాలర్లకి నాథన్ గారు సరేనన్నారు. వాడింది నాలుగు బిలియన్లు, 2011లో తిరిగి పెట్టేశారు కూడా. రెండోసారి 2020లో కోవిడ్ అప్పుడు, 52 బిలియన్ల దాకా. అప్పుడు సరేనన్నది హలీమా గారు. రెండు నిర్ణయాలూ సరైనవే అని నా అభిప్రాయం. ఆ డబ్బుతో నిలబడ్డ కంపెనీల్లో మనవాళ్ళూ ఉన్నారు. కానీ రెండుసార్లూ తాళం తీసినవాళ్ళకి పడ్డ ఓట్లు సున్నా. ప్రజల ఓటు లేకుండానే ఈ వ్యవస్థ పనిచేసిందంటే, ఎన్నిక తప్పనిసరి అన్న వాదన దాని సొంత చరిత్రలోనే వీగిపోయింది.

ఇక్కడిదాకా విని, అయితే రద్దు చేసెయ్యాలి అంటారు. ఆగండి. నేను ఆగింది మన చరిత్ర దగ్గర.

మన రాజ్యాంగ సభ 1947లో రాష్ట్ర గవర్నర్లని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని నిర్ణయించింది. చాలామందికి ఇది తెలీదు. పటేల్ గారి కమిటీ సిఫార్సు అది. రెండేళ్ళ తరవాత, 1949 మే నెలాఖరున, ఆ ఎన్నికని తీసేసి రాష్ట్రపతి నియమించేలా మార్చారు. నెహ్రూ గారు మార్పునే సమర్థించారు. మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారూ అటువైపే. వాళ్ళ వాదన అచ్చంగా ఇప్పటి వర్కర్స్ పార్టీ వాదనే. ఇద్దరూ ప్రజలు ఎన్నుకున్నవాళ్ళైతే ముఖ్యమంత్రికీ గవర్నరుకీ కత్తులు దూసుకోవడమే అవుతుంది, అలంకార పదవికి అంత పెద్ద ఎన్నిక దండగ అని. తర్కానికి వంక పెట్టలేం. ఎన్నిక తీసేశారు. కానీ నియమించే చెయ్యి ఎవరిది అన్న ప్రశ్నకి, ఢిల్లీలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ పెద్దమనుషులే అయి ఉంటారన్న నమ్మకమే జవాబు అయింది.

ఆ నమ్మకం ఖరీదు 1984 ఆగస్టు 16న మనకి తెలిసింది. ఇక్కడ లీ గారు రెండో తాళంచెవి ఆలోచన బయటపెట్టిన సంవత్సరమే. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన రామారావు గారిని, సభలో బలం చూపించుకుంటానంటున్నా వినకుండా గవర్నర్ రామ్‌లాల్ తీసేసి, నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. వీల్‌చెయిర్‌లో ఎమ్మెల్యేలతో ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చింది. జనం రోడ్డెక్కితే గవర్నరు మారి, సెప్టెంబరు 16న రామారావు గారు మళ్ళీ వచ్చారు. నేను అప్పుడు ఇంటర్. కాలేజీ మూసేశారు, మేం బస్సుల మీద రాళ్ళు వేశాం. ఎందుకు వేశామో పూర్తిగా తెలీదు గానీ ఏదో అన్యాయం జరిగిందని తెలుసు.

కాబట్టి పదవికి ఎన్నిక తీసేస్తే అక్కడ ఖాళీ మిగలదు. ఎవరో ఒకరి చెయ్యి వచ్చి కూర్చుంటుంది. ఈ మాట రద్దు కోరేవాళ్ళు తేలిగ్గా దాటేస్తారు. సింగపూర్‌లో రేపు అధ్యక్షుడి ఎన్నిక తీసేసి నిపుణుల సంఘం పెడితే, ఆ నిపుణుల్ని ప్రధానమంత్రే నియమిస్తే, షరాబుని ఆఫీసరే నియమించుకున్నట్టు.

పదవుల్ని పెట్టడం, తియ్యడం మన దగ్గర ఎలా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. 1987లో మండలాధ్యక్షుల్ని, జిల్లా పరిషత్ అధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1995 నుంచి సభ్యులు ఎన్నుకోవడం మొదలైంది, వెంటనే క్యాంపులూ మొదలయ్యాయి. హైదరాబాద్ మేయర్‌ని 2002లో జనం ఎన్నుకున్నారు, 2009కి వచ్చేసరికి కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. శాసనమండలి 1985లో పోయింది, 2007లో వచ్చింది, 2020లో మళ్ళీ రద్దు తీర్మానం, 2021లో ఆ తీర్మానం వెనక్కి. ఏ మార్పు వెనకా, ఇది పదేళ్ళు నడిచింది, ఇలా పనిచేసింది, ఇక్కడ చెడింది అన్న నివేదిక ఒక్కటి నేను చూడలేదు. అప్పటికి ఎవరికి ఏది లాభమో అదే. ఆ విషయంలో మాత్రం సింగపూర్ వాళ్ళకి మార్కులు వెయ్యాలి. ఒప్పుకోకపోయినా కమిషన్ తమకి నచ్చని మాట చెబితే దాన్ని అచ్చువేసి అందరి చేతికీ ఇచ్చారు.

2023 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనకి అడ్డం తగులుతుంది. సెప్టెంబరు 1న ముగ్గురి మధ్య పోటీ. థర్మన్ షణ్ముగరత్నం గారికి 70 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. భారతీయ మూలాలున్నవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా లేని దేశంలో, ఏ కేటాయింపూ లేకుండా, పోటీలో. ఆ రాత్రి మా అబ్బాయి, వాడు ఇక్కడే పుట్టాడు, ఆర్మీ సర్వీసు చేసి వచ్చాడు, టీవీ ముందు కళ్ళు తుడుచుకున్నాడు. "నాన్నా, ఈ ఊరు నాది అని ఎవరూ నాకు సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు ఇంక" అన్నాడు. పార్లమెంటులో చేతులెత్తి ఎన్నుకుని ఉంటే ఆ మాట వాడి నోట వచ్చేది కాదు. ఎన్నిక రద్దు చెయ్యాలి అని నేను అన్నప్పుడల్లా వాడు ఇదే గుర్తుచేస్తాడు. నా దగ్గర పూర్తి జవాబు లేదు.

అయినా నా మాట నేను చెప్పాలి. ఆ రాత్రి ఓటు పడింది అందరివాడికి, తాళం కాపలాదారుకి కాదు. ఆయన పాత నిధుల విషయంలో ఎలా ఉంటారని చూసి ఓటేసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. పైగా ఆయన ఆర్థికమంత్రిగా చేసినవారు కాబట్టి గదిలో ఏముందో తెలుసు, ఓంగ్ గారి ఇబ్బంది ఆయనకి లేదు. అది ఆయన అదృష్టం, పదవి గొప్పతనం కాదు. ఆయన తరవాత వచ్చేవారికి ఆ లెక్క తెలుస్తుందన్న హామీ ఎక్కడుంది?

నా అభిప్రాయం ఇది. రెండో తాళం ఉండాలి. ప్రతిపక్షం చెప్పినట్టు అది పూర్తిగా అనవసరం అని నేననను. ఇంత చిన్న ద్వీపానికి ఆ నిధులే వర్షాకాలం గింజలు. కానీ ఆ తాళంచెవిని ఎన్నికల్లో నెగ్గినవారికి ఇవ్వాల్సిన పనిలేదు. కమిషన్ చెప్పినట్టు విడదీయండి. కాపలా సంఘంలో కొందరిని ప్రధానమంత్రి, కొందరిని ప్రతిపక్ష నాయకుడు, కొందరిని న్యాయవ్యవస్థ నియమించాలి, ఒక్క చేతిలో ఉండకూడదు. వాళ్ళకి ప్రతి ఏడూ లెక్క ముందు పెట్టాలి. వాళ్ళు కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో జనానికి చెప్పాలి. ఇది జరగదు, ఎన్నికే ఉంటుంది అంటారా, అయితే ఆ కంపెనీ సైజు కంచె తీసెయ్యండి, పోటీ నిజంగా జరగనివ్వండి. రెండింట్లో ఏదీ చెయ్యకుండా, పేరుకి ఎన్నిక, ఆచరణలో ఏకగ్రీవం అన్నది మాత్రం ఓటరుని చిన్నబుచ్చడమే. మొదటిది ఒప్పుకుంటే నా రెండు ఓట్లలో ఒకటి నేనే వదిలేసుకుంటున్నాను. ఒకసారి వదిలినవాడిని కాబట్టి ఎంత బాధో తెలిసే చెబుతున్నాను.

ముఖ్యమంత్రిని నేరుగా ఎన్నుకోవాలని మనం అంటున్నాం కదా, వచ్చే సమావేశంలో అది అడిగేవాళ్ళు దయచేసి ఒక కాగితం మీద రాసుకు రండి. ఆ ముఖ్యమంత్రి సభలో మెజారిటీ లేకుండా గెలిస్తే బడ్జెట్ ఎవరు ఆమోదిస్తారు? గవర్నర్ ఏం చేస్తాడు? రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? నేను రెండుసార్లు లేచినప్పుడు ఈ మూడింటికీ నా దగ్గర జవాబుల్లేవు. ఇప్పుడూ సగమే ఉన్నాయి.

(ప్రసంగం తరవాత ప్రశ్నల్లో ఒక యువ సభ్యురాలు, "అంకుల్, ఇంత చెప్పారు కదా, మరి 2029లో అధ్యక్ష ఎన్నిక వస్తే ఓటేస్తారా?" అని అడిగారు. "ఇక్కడ ఓటు వెయ్యడం తప్పనిసరమ్మా, వెయ్యకపోతే పేరు జాబితాలోంచి తీసేస్తారు. పోటీ ఉంటే పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడతాను" అన్నారు వక్త.)